చప్పట్ల కింద చప్పుడు

"గేటు నేనే మూయలే మేడం. మరిచిపోయిన. తప్పు నాదే."

స్టేజీ లిఫ్ట్ నడిపే పరమేష్ ఆ మాట అనడం అది మూడోసారి. మూడుసార్లూ ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. విజయరాణికి నచ్చనిది అదే. క్రైం బ్రాంచిలో ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నన్నాళ్లూ, ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నాకా ఆమె గమనించింది ఒకటుంది. నిజం చెప్పేవాడు చెప్పిన ప్రతిసారీ కొంచెం తడబడతాడు. ఒకటి వదిలేస్తాడు, ఇంకొకటి కలుపుతాడు. అప్పజెప్పినట్టు చెప్పాడంటే అది ఎవరో నేర్పిన పాఠమే.

"సరే. మరిచిపోయినవ్. ఎస్తేర్ చీకట్ల వచ్చింది. గేటు తెరిచున్నది. లోపటికి అడుగు పెట్టింది. అక్కడ లిఫ్ట్ లేదు, అది అప్పటికే పైకి పోయింది. గోతిల పడ్డది. గంతేనా?"

"గంతే మేడం."

మొయినాబాద్ దాటాక ఉన్న ఆ ఫంక్షన్ హాల్లో నిన్న రాత్రి 'తారాతోరణం' సినిమా అవార్డుల వేడుక జరిగింది. ఈ ఉదయం స్టేజీ విప్పడానికి వచ్చిన కూలీలకు దాని కింద, లిఫ్ట్ గోతిలో, ఒక ఆడమనిషి కనిపించింది. కాలు విరిగి, తల పగిలి, ఒంటిమీద స్పృహ లేకుండా పడి ఉంది. పేరు ఎస్తేర్. ఒకప్పుడు గ్రూపు డాన్సర్, ఇప్పుడు డాన్స్ అసిస్టెంటు. చేవెళ్లలో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చారు. పోలీసులు ప్రస్తుతానికి ప్రమాదం కింద కేసు రాసుకున్నారు. ఎస్తేర్ తమ్ముడు ఆనంద్ బాబు మాత్రం దవాఖాన నుంచి నేరుగా విజయరాణి గుమ్మం ఎక్కాడు.

"మా అక్క స్టేజీల మీదనే బతికింది మేడం," అన్నాడతను. "చీకట్ల గూడ ఏ పలక యాడున్నదో కాలితోనే చెప్తది. ఆమె గోతిల పడదు."

ఎస్తేర్ నిన్న ఆ వేడుకకు ఊరికే రాలేదు. హీరోయిన్ దీక్షిత పిలిస్తే వచ్చింది. సినిమా పాటల్లో వెనకాల నిలబడి ఆడేవాళ్ల భద్రత కోసం దీక్షిత 'వెనక వరుస' అని ఒక ఉద్యమం నడుపుతోంది. దానికే నిన్న ఆమెకు సామాజిక స్ఫూర్తి అవార్డు ఇచ్చారు. హీరోయిన్, గ్రూపు డాన్సర్ ఇద్దరి మణికట్లకూ కలిపి ఒకే తెల్ల రిబ్బన్ కట్టి, స్టేజీ కింది నుంచి లిఫ్ట్‌లో ఇద్దరినీ ఒక్కసారే పైకి లేపాలన్నది ఏర్పాటు. రిహార్సల్ కూడా అయింది. తీరా చూస్తే దీక్షిత ఒక్కతే పైకి వచ్చింది. మైకు ముందు కన్నీళ్లు తుడుచుకుని, "ఎస్తేర్ భయపడింది. ఈ పరిశ్రమ ఆమెను అంత భయపెట్టింది. ఈ రాత్రికి ఆమె గొంతు నేనవుతాను" అంది. హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. తెల్లారేసరికి ఆ వీడియో చూడని ఫోను లేదు.

విజయరాణి లిఫ్ట్ దగ్గరికి నడిచింది. చుట్టూ ఇనుప జాలీ, దానికి కట్టిన నల్లగుడ్డ, ఒకే ఒక గేటు. గేటు పక్కన గోడకు మీటల పెట్టె. ఇనుప పలక ఇప్పుడు కింద ఉంది.

"పరమేష్, దీన్ని ఒకసారి పైకి లేపు."

"ఇప్పుడా మేడం?"

"ఇప్పుడే. గేటు మూయకు. నిన్న ఎట్ల మరిచిపోయినవో అట్లనే ఉండనీ."

అతని చెయ్యి మీట దాకా వెళ్లి ఆగింది. చివరికి నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. లిఫ్ట్ కదల్లేదు.

"ఇంకోసారి."

మళ్లీ అదే ఎర్ర దీపం. విజయరాణి తనే వెళ్లి గేటు లాగి మూసింది. కొక్కెం టక్కున పడింది. ఈసారి తనే మీట నొక్కితే లిఫ్ట్ మూలుగుతూ పైకి లేచింది. గేటు గుంజి చూసింది, ఊడిరాలేదు.

"గేటు తెరిచి ఉంటే ఇది లేవదు. నిన్న దీక్షిత లేచింది. అంటే గేటు మూసే ఉన్నది. లిఫ్ట్ పైన ఉన్నంతసేపు బయట నుంచి ఎవరూ లోపటికి పోలేరు. మరి ఎస్తేర్ లోపట ఎట్ల ఉన్నది పరమేష్?"

పరమేష్ పక్కనున్న ఇనుప పెట్టె మీద కూలబడ్డాడు. మొహం మీద చెమట తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"నిన్ను బెదిరించిన్రా?"

"తప్పు ఒప్పుకుంటే చిన్న కేసు అన్నరు సెక్యూరిటోళ్లు, మేడం. లేకుంటే నేనే తోసేసిన అని రాపిస్తమన్నరు." అటూ ఇటూ చూశాడు. "ఇద్దరూ ఎక్కిన్రు మేడం. నా కండ్లతోనే చూసిన. చేతులకు రిబ్బన్ కట్టే ఉన్నది."

"గొడవ పడ్డరా?"

"మెల్లగ మాట్లాడుకున్నరు. పాట మోతకు ఇనపడలే. ఎస్తేరక్క నోట ఒక్క పేరు మాత్రం రెండు మూడు సార్లు ఇన్న. సింధుజ. పైనుంచి లైటు సిగ్నల్ రాంగనే మీట నొక్కిన. సగం లేచినంక ఏదో పడ్డట్టు అనిపిచ్చింది. పాటల డప్పులేమో అనుకున్న."

"తర్వాత?"

పరమేష్ వేలితో లిఫ్ట్ గోతి వైపు చూపించాడు.

"దీక్షిత మేడం మాట్లాడుతుంటే చప్పట్లు కొడుతున్నరు. చప్పట్లు ఆగినప్పుడల్లా కింద చప్పుడు. ఇనుము మీద ఎవరో కొట్టినట్టు. మళ్ల చప్పట్లు లేస్తే ఇనపడదు. మళ్ల ఆగితే... వాకీటాకీల సెక్యూరిటీ శశిధర్ సారుకు చెప్పిన. లిఫ్ట్ పైనుంటే గేటు తెరిచే తాళం ఆయన కాడనే ఉంటది. మిషిన్ చప్పుడు అన్నడు. నువ్వు పోయి అన్నం తిను, నేను చూస్త అన్నడు."

"పోయినవా?"

"పోయిన మేడం." రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. "తిన్న గూడ."

విజయరాణి అతని భుజం మీద చెయ్యి వేసింది. వెంటనే ఇన్‌స్పెక్టర్ ప్రభాకర్‌కు ఫోన్ చేసింది. అతను ఒకప్పుడు ఆమె కింద ఎస్.ఐ.గా పనిచేసినవాడు. రెండు మాటల్లో సంగతి చెప్పి, మనిషిని పంపమంది.

ఆ తర్వాత లిఫ్ట్‌ని కిందికి దింపించి, గేటు తెరిచి, టార్చి వేసుకుని లోపలికి వెళ్లింది. నెత్తుటి మరక గేటు దగ్గర లేదు. ఎదుటి మూలలో, లిఫ్ట్ వెనకాల ఉంది. గేటు నుంచి అడుగుపెట్టి పడిన మనిషి అక్కడ పడదు. ఆ మరక పక్కనే ఒక ఇనుప గొట్టం. కూర్చున్న మనిషి చెయ్యి అందేంత ఎత్తులో దాని మీద రంగు లేచిపోయి, దగ్గరదగ్గరగా సొట్టలు పడి ఉన్నాయి. కింద చెప్పు మడమ ఒకటి విరిగి పడి ఉంది. చెప్పు తీసి, దాంతోనే కొట్టింది ఎస్తేర్. మడమ విరిగేదాకా కొట్టింది. పైన వాళ్లు ఆమె భద్రత కోసమే చప్పట్లు కొడుతున్నారు.

విజయరాణి కాసేపు ఆ మూలలోనే గొంతుక్కూర్చుంది. లేచి వస్తుంటే, లిఫ్ట్ పలక అంచున సందులో తెల్లగా ఏదో మెరిసింది. బెత్తెడు పట్టు రిబ్బన్. కత్తెరతో కోసింది కాదు. పోగులు సాగి సాగి తెగిపోయింది.

"దాన్ని ముట్టుకోకు రాణీ."

గేటు దగ్గర శశిధర్ నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకే బ్యాచిలో పోలీసు ఉద్యోగంలో చేరారు, ఒకే గదిలో కూర్చుని కేసులు రాశారు. అతను ముందుగా బయటికి వెళ్లి సెక్యూరిటీ కంపెనీ పెట్టాడు. ఇప్పుడు సినిమావాళ్లకు అతని మనుషులే కాపలా.

"ముట్టుకోలే శశీ. ప్రభాకర్ వస్తున్నడు. ఆయనే తీస్తడు."

"ప్రమాదానికి ఇంత పంచనామానా? ఆమె తాగి ఉన్నది. తాగినోళ్లు పడ్తరు."

"పొద్దున డాక్టర్ రక్తం పరీక్ష చేసిండు. చుక్క గూడ లేదు. ఇంకో కథ చెప్పు."

"నువ్వు నాకు కథలు నేర్పుతున్నవా?" శశిధర్ ఒక అడుగు లోపలికి వేశాడు. "దీక్షిత మేడం ఆమె వైద్యం మొత్తం తనే చూసుకుంటనన్నది. ఇంక ఎవలకేం నష్టం? నువ్వు ఒక మంచి పనిని బజారుకు ఈడుస్తున్నవ్. ఆ ఉద్యమం కూలితే నష్టపోయేది ఎస్తేర్ లాంటోళ్లే."

"నిన్న చప్పుడు ఇనపడ్డదని పరమేష్ చెప్తే ఏమన్నవ్?"

శశిధర్ చూపు పరమేష్ మీదికి పోయింది. పరమేష్ తలెత్తలేదు.

"మిషిన్ చప్పుడన్న."

"మిషిన్ ఆగి ఉన్నది శశీ. పైకి పోయి ఆగిన లిఫ్ట్ చప్పుడెట్ల చేస్తది? నీకు తెలువదా? తాళం నీ జేబుల ఉన్నది. గేటు తీసి ఒక్కసారి తొంగి చూస్తే ఆ మనిషి రాత్రంత గీ ఇనుములల్ల పడి ఉండకపోతుండె."

అతను ఏదో చెప్పబోయాడు. చెప్పకుండానే వెనక్కి తిరిగి గబగబా వెళ్లిపోయాడు. వాదనలో శశిధర్ మాట మధ్యలో వదిలేసి వెళ్లడం విజయరాణి ఎన్నడూ చూడలేదు. ఎక్కడికి అంత తొందర అని ఆ క్షణంలో ఆమెకు తోచలేదు. తోచి ఉంటే బాగుండేది.

ప్రభాకర్ మనుషులు రాగానే పరమేష్‌ను, రిబ్బన్‌ను వాళ్లకు అప్పగించి, ఆమె దీక్షిత ఫాంహౌస్‌కు కారు పోనిచ్చింది. అది దగ్గర్లోనే ఉంది.

వరండాలో కొవ్వొత్తులు పేరుస్తున్నారు. ఎస్తేర్ కోసం ప్రార్థన వీడియో తీస్తారట. దీక్షిత తెల్లటి నూలు చీర కట్టుకుని, బొట్టు లేకుండా, మెట్ల మీద కూర్చుని ఉంది.

"రండి, కూర్చోండి. ఎస్తేర్ నాకు తోబుట్టువు లాంటిది. ఆమె కోసం ఎవరు పనిచేసినా నేను రుణపడి ఉంటాను," అంది. సినిమాల్లో మాట్లాడినట్టే, అక్షరం అక్షరం దిద్దినట్టుగా.

"మీరిద్దరూ కలిసే లిఫ్ట్ ఎక్కిన్రు," అంది విజయరాణి. "రిబ్బన్ లిఫ్ట్ అంచుకు ఇరుక్కోని తెగింది. సింధుజ ఎవరు?"

దీక్షిత కళ్లెత్తి చూసింది. కెమెరావాళ్లను బయటికి పొమ్మని సైగ చేసింది. వాళ్లు వెళ్లేదాకా కదలకుండా కూర్చుంది. తిరిగి నోరు విప్పినప్పుడు ఆ దిద్దిన భాష లేదు. చేవెళ్ల పక్కన పుట్టి పెరిగిన పిల్ల మాట వచ్చింది.

"సింధుజ ఆలూరు పిల్ల అక్క. ఎస్తేర్ కాడ డాన్స్ నేర్చుకున్నది. మా అన్న శ్రీకాంత్ తీసిన సినిమాల ఆడింది. మోకిల కాడ సెట్టు ఏసిన్రు. మంచె సరిగ కట్టలే. పాట తీస్తుంటే ఇరిగింది. ఆ పిల్ల పోయింది. ఫిట్స్ వచ్చి పడ్డదని అందరితోని చెప్పిచ్చినం."

"తర్వాత ఉద్యమం పెట్టినవ్."

"నిద్ర పట్టకపోతుండె అక్క. ఎవరికన్నా మంచి చేస్తే పడ్తదేమో అనుకున్న." దీక్షిత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నిన్న లిఫ్ట్ ఎక్కినంక ఎస్తేర్ అన్నది, ఇయ్యాల సింధుజ పేరు చెప్త, మీ అన్న పేరు గూడ చెప్త అని. ఇయ్యాల వద్దు అని చెయ్యి గుంజిన. ఆమె ఇటు గుంజింది. లిఫ్ట్ అప్పటికే లేస్తున్నది. కాలు జారింది. నేను పట్టుకున్న అక్క. ఒట్టు. రిబ్బన్ తెగిపోయింది."

"అరవలేదేం?"

"లైటు నా మీద పడ్డది. అందరూ లేసి నిలబడ్డరు. నోరు తెరిస్తే అరుపు రావాలె. నమస్కారం వచ్చింది." చెంపల మీది నీళ్లు తుడుచుకోలేదు. "దిగంగనే శశిధర్‌తోని చెప్పిన. ఆయన కిందికి పోయి చూసి వచ్చి, ప్రాణం లేదన్నడు. నేను నమ్మిన. కిందికి దిగి చూసే ధైర్యం నాకెక్కడిది?"

విజయరాణి జీవితంలో దొంగ ఏడుపులు లెక్కలేనన్ని చూసింది. ఇది వాటిలా లేదు. ఆ పిల్ల వణుకుతున్న తీరు చూస్తే ఆమె మనసు కరిగింది. తప్పు చేసింది, పిరికిది, కానీ చంపాలనుకున్నది కాదు అనుకుంది. పక్కనే కూర్చుని, "ఇదంత ప్రభాకర్‌తోని చెప్పు. నేను నీ పక్కనే ఉంట," అంది.

"చెప్త అక్క. జర మొకం కడుక్కొని వస్త."

దీక్షిత లోపలికి వెళ్లింది. విజయరాణి ఫోను మోగింది. ఆనంద్ బాబు.

"మేడం! అక్క కండ్లు తెరిచింది! నన్ను గుర్తు పట్టింది!" అతని గొంతులో సంతోషం పట్టడం లేదు. "డాక్టర్ గూడ ఇంక ఫికర్ లేదన్నడు. దీక్షిత మేడం చెప్పిన్రంట, సిటీల పెద్ద దవాఖానకు మారుస్తున్నరు. శశిధర్ సారు స్వయంగా వచ్చిండు. అంబులెన్స్ ఇప్పుడే పోయింది."

"నువ్వు ఎక్కలేదా?"

"జాగ లేదన్నరు మేడం. ఎనుక నుంచి బస్సుల రమ్మన్నరు."

విజయరాణి లోపలికి పిలిచింది. పలుకు లేదు. ఇల్లంతా తిరిగి చూసే సమయం కాదు. ఆ పెద్ద దవాఖానకు చేరాక ఎస్తేర్ చుట్టూ ఉండేది శశిధర్ మనుషులే. ప్రాణం లేదని చెప్పి వదిలేసినవాడే ఇప్పుడు ఆ మనిషి పక్కన కూర్చుని ఉన్నాడు. కారు వైపు పరుగెత్తుతూనే ప్రభాకర్‌కు ఫోన్ చేసింది.

మొయినాబాద్ ఇంకా రాకముందే, చేవెళ్ల రోడ్డు మీద పోలీసు జీపు అడ్డంగా నిలబడింది. అంబులెన్స్ ఆగింది. విజయరాణి చేరేసరికి శశిధర్ ముందు సీట్లోంచి దిగి ప్రభాకర్ మీద అరుస్తున్నాడు.

"పేషెంటుకు ఏమన్న అయితే నీదే బాధ్యత!"

"పేషెంటునే అడుగుదాం సారూ," అన్నాడు ప్రభాకర్ నెమ్మదిగా, వెనక తలుపు తెరుస్తూ.

లోపల సక్కుబాయి అనే నర్సు సెలైన్ సీసా పట్టుకుని కూర్చుని ఉంది. "బయల్దేరినప్పటి సంది ఏదో చెప్పాలని చూస్తున్నది మేడం," అంది. ఎస్తేర్ తలకు కట్టు, పెదాలు ఎండిపోయి పగుళ్లు. కళ్లు మాత్రం తెరిచి ఉన్నాయి. విజయరాణి ఎక్కి, ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆనంద్ బాబు పంపిండు అమ్మా. నేను విజయరాణి. నిన్ను ఎవరూ ఏం చేయరు. శశిధర్ కిందికి వచ్చిండా నిన్న?"

ఎస్తేర్ తల అడ్డంగా కదిలింది.

"ఆయన గేటు తీసిండు. ఆడనే నిలబడ్డడు." ఒక్కో మాటకు ఊపిరి కూడగట్టుకుంటోంది. "లోపటికి ఆమెనే వచ్చింది. ఒక్కతే. ఫోన్ లైటు నా మొకం మీద ఏసింది. నీళ్లడిగిన."

"ఏమన్నది?"

"నా పక్కన కూసున్నది. నెత్తి నిమిరింది. చేతిల అవార్డు ఉండె. నాకు తగలకుండ అవతలికి పట్టుకున్నది." కళ్ల కొసల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. "ఇంకొక్క పాట ఉన్నది, అయిపోనియ్యి అన్నది. లేసి పోయింది. గేటు కాడ సారు అడిగిండు, ఎట్లున్నది అని. పోయింది, ప్రాణం లేదు అన్నది. అరుద్దామనుకున్న మేడం. గొంతు లేవలే."

విజయరాణికి దీక్షిత మాటలు గుర్తొచ్చాయి. నోరు తెరిస్తే అరుపు రావాలె, నమస్కారం వచ్చింది. ఎంత బాగా అంది! కాసేపటి కింద ఆ మెట్ల మీద తను కూడా ఆ హాల్లోని జనంలాగే నమ్మేసింది, చప్పట్లు కొట్టలేదు, అంతే తేడా.

తలుపు దగ్గర అలికిడి అయింది. తిరిగి చూస్తే శశిధర్ తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

"నాతోని పోయిందన్నది," అన్నాడు ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. "పొద్దున బతికున్నదని తెలిసినంక అడిగితే, చీకట్ల తెలువలేదు అన్నది. నేను... సచ్చిన మనిషిని దాచిపెడుతున్న అనుకున్న రాణీ. బతికున్న మనిషిని కాదు."

"రెండూ తప్పే శశీ. ఇప్పుడు అది వదిలెయ్. ఈమెను మార్చుమని దీక్షిత ఎప్పుడు చెప్పింది?"

"కండ్లు తెరిచిందని దవాఖాన నుంచి ఫోన్ రాంగనే. హాలు కాడికే కాల్ చేసింది. నువ్వు అక్కడ ఉంటివి." అతను తలుపు రెక్క వదిలాడు. "తను ముందే పోయి ఆ దవాఖానల ఉంటనన్నది. రాత్రంత ఎస్తేర్ కాడ తనొక్కతే కూసుంటదంట. నర్సును గూడ బయట ఉంచుమన్నది."

"వీడియోవాళ్లు?"

శశిధర్ తల అడ్డంగా ఊపాడు.

"లేదు రాణీ. ఈ ఒక్కసారికి కెమెరాలు వద్దన్నది."